ఆఖరి రౌండు ఎవరిది?

అన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలు చేసి చుట్టాలు వెళ్లిపోయాక, వదిన తనే మన పాత బాక్సింగ్ సీడీ పెట్టింది. టీవీ సౌండు తీసేసింది. కామెంటరీ వింటే బుర్ర చెడుతుందని నువ్వు పెట్టిన రూలే కదా. రౌండు గెలిచినవాడికి చింతగింజ వేయడానికి రెండు స్టీలు గ్లాసులూ తెచ్చింది. ఒకటి నీ ఎర్ర నిక్కరువాడికి, ఒకటి నా నీలం నిక్కరువాడికి.

జడ్జీలు నీలం వాడిని గెలిపించిన ఆ పోటీ మీద మనం ఎన్ని ఆదివారాలు కొట్లాడుకున్నామో! అప్పట్లో వంటింట్లోంచి మనల్ని తిట్టిన మనిషి, ఇవాళ ఆఖరి రౌండు గింజను నీ గ్లాసులో వేసింది.

"గదెట్ల వదినా? నీలపోడు గెలిచిండు," అన్నాను.

"కండ్లు కనవడ్తలెవ్వా? ఆడు కొట్టిందేడ? రింగంత ఉరుకుడే ఉరికిండు!" అని అరిచింది. ఇంటిమీదుగా విమానం పోతున్నా ఆ మాట వినపడింది. నువ్వు పోయాక ఆమె గొంతు పెంచడం ఇదే మొదటిసారి.

ఆ రౌండు నీవాడిదే, అన్నా. ఇవాళ నాకూ స్పష్టంగా కనపడింది.

"నేనొప్పుకోను," అన్నాను.

"అయితే మొదటికెల్లి సూడు," అంటూ వదిన గ్లాసులు రెండూ బోర్లించి, గింజలు ఏరుకుంది.