కూల్చబోయే పబ్బుకు కొలతలు

జూన్ 4
ఇవాళ్టినుంచి పని ఆ పాత పబ్బులో. రైల్వే తెల్లదొరలు తమ దేశంలో ఉన్నట్టే ఇక్కడా కట్టించుకున్నది. ఇప్పుడు పావురాలు, చెమ్మ. కొలతలు తీసి డ్రాయింగు గీయాలి. "బాగా గీయండి దీదీ, నిలబెట్టడానికే" అన్నాడు మా ఇంజనీరు. నమ్మాను.

జూన్ 6
రెండు గుమ్మాలు. ఆఫీసర్లకు వెడల్పాటిది, తెల్ల డ్రైవర్లకూ గార్డులకూ ఇరుకుది. మనవాళ్ళకు గుమ్మమే లేదు... పక్కగోడలో చెయ్యి పట్టేంత కిటికీ.

జూన్ 7
వెనకగదిలో మేరీ అక్క. వాచ్‌మన్ భర్త పోయాక కాపలా ఆమెదే. జీతం లేదు, ఆ గదే జీతం. టీ ఇచ్చింది. సారా పోసే బల్ల మీద తెరలా వరసగా నిలిపిన మసకగాజు అద్దాలు ఎందుకని అడిగాను.
"తాగీవోల్ల ముకం పోసీవోడికి కనపడకూడదంట. మా మావగోరు ఇక్కడే పోసీవోడు. గ్లాసులట్టుకున్న సేతులే సూసినాడు, అంతే."
ఆ అద్దాల చట్రం చెక్కడం ఎంత బాగుందో. గీయబుద్ధి కాలేదు. గీశాను.

జూన్ 11
వాన. దూలం చివర స్క్రూడ్రైవర్ పెడితే పిడిదాకా దిగింది. చెద.

జూన్ 15
డ్రాయింగులు ఇచ్చేశాను.

జూన్ 22
టెండరు కాగితంలో నా గీతలే. పైన 'కూల్చివేత' అని.
"నిలబెట్టడానికే అన్నారు కదా సార్?"
ఇంజనీరు తల ఎత్తలేదు. "పైనుంచి ఆర్డరు, దీదీ."

జూన్ 23
మేరీ అక్కకు చెప్పాలి. వెళ్ళలేదు.

జూన్ 24
ఖరిదా బజారులో తనే ఎదురుపడింది, సంచిలో బీరకాయలు. చెప్పేశాను. సంచి రెండో చేతికి మార్చుకుంది.
"నా గది కూడా గీసినావేటి?"
"గీశాను."
"ఏటని రాసినావు?"
'సామాన్ల కొట్టు' అని. పాత ప్లానులో అలాగే ఉంది, అలాగే ఎక్కించాను. ఆమె మంచం పక్కనే టేపు పట్టుకు నిలబడి... కాగితం ప్రకారం అక్కడ ఎవరూ ఉండరు. ఎవరూ లేని చోట ఖాళీ చేయించాల్సిందీ లేదు, వేరే గది ఇవ్వాల్సిందీ లేదు.

జూన్ 26
డ్రాయింగు దిద్ది ఆఫీసుకు పట్టుకెళ్ళాను. ఇక మార్చడం కుదరదట. మేరీ అక్క కోసం తాల్‌బగీచాలో అద్దెగది అడిగాను. ఒంటరి ఆడమనిషికి ఇవ్వరట. మా ఇంటికి రమ్మన్నాను.
"ఎన్నాల్లకి?" అంది.


జూన్ 30
అద్దాలు ఊడదీశారు. పాత సామాన్ల వ్యాపారి గడ్డిలో చుట్టి లారీ ఎక్కించాడు. ఒక్కటీ పగల్లేదు.

జూలై 2
పెంకులు దింపుతున్నారు. మేరీ అక్క ఇంకా లోపలే. వాకిట్లోంచి పిలిచాను.
"అన్నం ఉడుకుతంది. వార్సేసి వస్తాను."
పైనుంచి పెంకులు పడుతూనే ఉన్నాయి. మళ్ళీ పిలిచాను. లోపలినుంచి గంజి వారుస్తున్న చప్పుడు.