ఆపేసిన మఠం కథ

ఇబ్రహీంపట్నం

చెల్లె సుక్కమ్మకు,

నా ఫోన్ ఎత్తవు కాబట్టి కార్డు రాస్తున్నాను. నీ కోడలు భాగ్యశ్రీ చదివి పెడుతుంది. కంటి ఆపరేషన్ బాగానే అయింది. ఎక్కువ చదవొద్దన్నారని ఫోన్‌లో నవలలు వింటున్నాను. మఠంలో హత్య జరిగే ఆ పాత నవల దొరికింది. చిన్నప్పుడు బాపు బడి మాన్పించిన నీకు దాన్ని నేనే చదివి వినిపించి, నా పెన్ను పోగొట్టావన్న కోపంతో ఆఖరి భాగం దగ్గర ఆపేశాను.

"అన్నా, గా సాధువే సంపిండా? జర చెప్పరాదు" అని ఏడ్చావు.

"పోయి బర్లకు గడ్డెయ్" అన్నాను.

ఆడదానికి నవలలెందుకన్న బావను ఇప్పటికీ క్షమించను. నేను చేసింది అంతకన్నా పాపం.

ఊపిరి బిగబట్టించే కథే, దేవుడి గురించీ ఆలోచింపజేస్తుంది. భాగ్యశ్రీతో ఫోన్‌లో పెట్టించుకుని విను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

ఈసారి మధ్యలో ఆపేవాడు లేడు.

మీ అన్న
ఎల్లస్వామి