స్కాట్లండ్ సైనికులకి కళ్ళు

2021 ఫిబ్రవరి, శనివారం రాత్రి, అత్లోన్

కోవిడ్ తగ్గి మూడు వారాలైనా నా కుడిచేతి వణుకు పోలేదు. రోజూ నరానికి సూది ఎక్కించాల్సిన డాక్టర్ని. ఇక డ్యూటీకి పనికిరానేమోనన్న భయం మా ఆయన మురళికి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం మురళి తన బల్లమీది యుద్ధం ఆట కోసం మధ్యయుగాల నాటి స్కాట్లండ్ సైన్యానికి రంగులేస్తున్నాడు. బొటనవేలంత బొమ్మలు, వాటికంటే పొడవు బల్లేలు. ఉన్నట్టుండి సన్న కుంచె నాకిచ్చి, "సుధా, వీడికి కళ్ళు పెట్టవా?" అన్నాడు.

"నా చెయ్యి వణుకుతుంది."

"తెలుసు. పది రోజులుగా చూస్తున్నా. పెట్టు."

ఏడుపొచ్చినంత పనైంది. మొదటివాడికి మెల్లకన్ను వచ్చింది. తుడిచేయబోతే ఆపి, "వీణ్ణి ముందు వరసలో పెడతా. రెండువైపులా కాపలా కాస్తాడు," అన్నాడు. ఎన్నాళ్ళకో గట్టిగా నవ్వాను. మోచెయ్యి బల్లకి ఆనించి ఒక్కొక్కరికీ పెడుతూ పోతే, ఐదోవాడికి రెండు కళ్ళూ కుదిరాయి. ఆరోవాడికి కూడా!

మనిషి నరం వేరు, నాకు తెలుసు. అయినా సాయంత్రం మా పెద్ద డాక్టరు, కన్సల్టెంట్‌కి ఫోన్ చేసి వణుకు సంగతి దాచకుండా చెప్పేశాను. "గ్రాండ్, సోమవారం రా. ముందు నా పక్కన నిలబడు, తర్వాత చూద్దాం," అన్నాడాయన. 'గ్రాండ్' అంటే ఇక్కడి ఐరిష్ వాళ్ళకి 'సరే' అని.

డ్యూటీలో వేసుకునే స్క్రబ్స్ ఉతికి ఆరేశాను. ఈ వానకి సోమవారంలోపు ఆరతాయో లేదో...