డాలర్ ఎఫ్ చుట్టూ రెండు కోట్స్

మంగళవారం, రాత్రి

సాయంత్రం 6:40 అయినా కోవూరు వరి మునక ఫోటోలు ఒక్కటీ పేజీ డెస్కుకు చేరలేదు. ఏడింటికి మొదటి పేజీ ప్రెస్సుకు వెళ్లాలి. తప్పు నా స్క్రిప్టుది, అంటే కంప్యూటర్‌కు వరుసగా పనులు చెప్పే చిన్న ప్రోగ్రాముది. ఫోల్డర్‌లోని ఫైళ్లను ఒక్కొక్కటిగా డెస్కుకు కాపీ చేయడానికి మూడేళ్ల కిందట నేనే రాశాను. నా ఫైళ్ల పేర్లలో ఖాళీలు ఉండవు కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది. కోవూరు విలేకరి మాత్రం ‘మునిగిన వరి 1’ అని పేరు పెడతాడు.

కొత్తగా చేరిన సునీత నా స్క్రీన్ చూసి నవ్వింది.

“ఏందన్నా, కోట్స్ పెట్టలా? ఖాళీ కనిపిస్తే, నీ స్క్రిప్టును నడిపే షెల్ ఆ పేరును మూడు ముక్కలు చేసేస్తాది. ఫైలు పేరు వచ్చి కూర్చునే ఈ డాలర్ ఎఫ్‌కి రెండు పక్కలా డబుల్ కోట్స్ పెట్టు.”

పెట్టాను. ఫోటోలన్నీ వెళ్లాయి.

“ఈ పాప ముందే వచ్చుంటే బాగుండు గదయ్యా,” అన్నారు ఎడిటర్ గారు.

ఇంతకాలం కంప్యూటర్ మొరాయిస్తే ఆఫీసంతా నన్నే పిలిచేది. ఏడు దాటాక ఆమెను మూడుసార్లు పిలిచారు. ఆమె చెప్పినదాంట్లో ఒక్క తప్పైనా దొరికి ఉంటే...

రేపు పదింటికి ఆమె అందరికీ స్క్రిప్టులు రాయడం నేర్పుతుంది. కుర్చీలు వేయించే పని నాది.