బాణం ముందుకి చూడాలి

మా మొండిఘటానికి,

ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో బాగా తెలిసిన మీ అమ్మ రాస్తున్నది. ఫోన్‌లో అయితే మూడో మాటకే "సరే అమ్మా, ఉంటాను" అంటావు. ఉత్తరంతో ఆ సౌకర్యం లేదు. నేను ఆపేదాకా నువ్వు వినాల్సిందే.

విషయం ఇది. మీ నాన్న కారు అమ్మేస్తున్నాను. వెనక షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్ళుగా గుడ్డ కప్పుకుని పడుకున్న ఆ బ్రిటిష్ స్పోర్ట్స్ కారే. రెండు సీట్లు, జానెడు డిక్కీ, బారెడు బానెట్. ఇద్దరు పిల్లలున్నవాళ్ళు కొనే బండేనా అని ఆ రోజే అడిగాను. "నీకు అందం విలువ తెలీదే" అన్నారు. తెలియకేం, అందం చూసే కదా ఆయన్ని చేసుకున్నాను.

ఉన్నదున్నట్టు అమ్మితే పాత ఇనుము కింద పట్టుకుపోతారని మీ అన్నయ్య అన్నాడు. అందుకని బాగు చేయిస్తున్నాను. మెకానిక్ ఎవరనుకున్నావు? నా దగ్గర ఏడో తరగతి లెక్కలు రెండేళ్ళు చదివినవాడు. ఇప్పుడు తల నెరిసింది, పాత కార్లంటే అందరూ అతని దగ్గరికే వెళ్తారట. మొదటిరోజు జేబులోంచి అయస్కాంతం తీసి, డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు బండి ఒంటినిండా ఆనించుకుంటూ వచ్చాడు. అతుక్కున్నచోట ఇనుము, జారిపోయినచోట లప్పం. కుడివైపు ముందు మడ్‌గార్డు దగ్గర అయస్కాంతం మూడుసార్లు కింద పడింది.

"ఇక్కడ గట్టి దెబ్బే తగిలిందండీ టీచర్‌గారూ. రంగు కిందంతా లప్పమే."

"నాకు చెప్తావేమిట్రా, తగిలించింది నేనేగా" అన్నాను.

పాపం, తల దించేసుకుని అయస్కాంతం తుడుచుకోవటం మొదలుపెట్టాడు. బడిలో కూడా అంతే.

ఆ సంగతి మనిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నీకు ఆరేళ్ళు. కొత్త బూట్లు కొంటానని నిన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. మలుపు దగ్గర స్టీరింగు నా మాట వినలేదు. బ్రేకు తొక్కాను. తొక్కాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. గోడ ఎదురొచ్చింది. నీ కనుబొమ్మ మీద నాలుగు కుట్లు. "బ్రేకుకీ యాక్సిలరేటరుకీ తేడా తెలియని మనిషికి తాళాలిచ్చాను" అన్నారు మీ నాన్న, ఇంటికొచ్చినవాళ్ళందరి ముందూ. నాకు గోడమ్మ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదికల్లా అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ గోడత్త, గోడ పిన్ని అయిపోయాను. నవ్వాను కూడా. నవ్వకపోతే తప్పు ఒప్పుకోలేదనుకుంటారు కదా.

రెండేళ్ళ కిందట, లైసెన్సు మళ్ళీ తీసుకుని నీ కూతుర్ని ఈత క్లాసుకి నేను దింపుతానన్నాను. "ఎందుకులే అమ్మా" అన్నావు. ఆ మాట అంటుండగా నీ చెయ్యి కనుబొమ్మ మీదికి వెళ్ళింది. నీకు తెలియదు, నేను చూశాను. నీ మీద నాకు కోపం లేదు. నీ స్థానంలో ఉంటే నేనూ పంపేదాన్ని కాదు.

అందుకే ఈ బండి ఈ ఇంట్లోంచి కదలాలి. నా తప్పుకి గుడ్డ కప్పి, దుమ్ము దులిపి, పెంచి పోషించటం ఇక నావల్ల కాదు. బాగు చేయిస్తాను, అమ్మేస్తాను. దాని తాళం మాత్రం ముట్టుకోను.

మీ అమ్మ,
పెట్టిన పేరు గోడమ్మ


అమ్మడూ,

కూర్చుని చదువు. నిలబడి మొదలుపెట్టినా ఎలాగూ కూర్చుంటావు.

బండి పని సగం పైగా అయింది. సీట్లలో ఎలుకలు మూడు తరాలు కాపురం చేసి వెళ్ళాయి. కాళ్ళ కింద రేకు తుప్పు పట్టి జల్లెడైపోతే, కోసేసి కొత్తది అతికించారు. ఇంజను మాత్రం గట్టిది, నాలుగోరోజు దగ్గింది, ఐదోరోజు గొంతు సవరించుకుంది. నేను ఊరికే కూర్చోలేక మెరిసే వస్తువులన్నీ తోమే పని పెట్టుకున్నాను.

ఈ బండి చక్రాలకి మామూలు కార్లలాగా నాలుగైదు నట్లు ఉండవు. సైకిలు చక్రంలాగా చువ్వలు, నడుమ రెండు రెక్కల పెద్ద నట్టు ఒక్కటే. సుత్తితో కొట్టి బిగించాలి. ఎటు తిప్పితే ఊడుతుందో ప్రతి నట్టు మీదా బాణం గుర్తు ఉంటుంది. నాలుగూ తోమాక చూస్తే, వెనక చక్రాల నట్లు బండి ముందుకి దొర్లే వైపు తిప్పితే ఊడేలా ఉన్నాయి. ముందు చక్రాలవి వెనక్కి దొర్లే వైపు తిప్పితే ఊడేలా ఉన్నాయి. ముప్పై మూడేళ్ళు పిల్లల లెక్కలు దిద్దిన కళ్ళు కదా, రెండు ఒకలాగా రెండు ఇంకోలాగా ఉంటే ఊరుకోవు.

"ఇదేమిట్రా?" అని పిలిచాను.

"బాణాలెప్పుడూ ముందుకే చూడాలండీ" అన్నాడు, తల ఎత్తకుండానే. "అలా ఉంటే బండి పోయినకొద్దీ నట్టు బిగుసుకుంటుంది. తిరగబడితే పోయినకొద్దీ వదులైపోతుంది."

"తలకిందులుగా చెప్తున్నావేమో?"

"అందరికీ అలాగే అనిపిస్తుందండీ. అక్కడే బోల్తా కొడతారు." అని నవ్వుతూ లేచి వచ్చాడు. చూశాడు. నవ్వు ఆగిపోయింది. "టీచర్‌గారూ, ఈ ముందు చక్రాలు ఎవరు విప్పారండీ?"

ఎవరు విప్పారో నాకు బాగా గుర్తుంది. నేను గోడని గుద్దటానికి ముందు ఆదివారం, మీ నాన్న బేరింగులకి గ్రీజు పెట్టాలని రోజంతా షెడ్డులో కూర్చున్నారు. "మెకానిక్‌ని పిలవకూడదూ?" అంటే, "ఇంజనీరుని ఇంట్లో పెట్టుకుని మెకానిక్ ఎందుకే" అన్నారు. తరవాత ఆ బండిని మొదట బయటికి తీసింది నేను.

చక్రం తొడిగేవీ, నట్టు బిగించే మర ఉండేవీ హబ్బులే. ముందువి రెండూ ఊడదీయించాను. వాటి వెనక మీ నాన్న తెల్లరంగుతో రాసుకున్న గుర్తులు ఇంకా ఉన్నాయి: ఎడమదానికి "ఎ", కుడిదానికి "కు". "కు" ఎడమవైపు ఉంది, "ఎ" కుడివైపు ఉంది. అంటే ఆ మలుపు దగ్గర నా కాలు బ్రేకు మీదే ఉంది. గోడ దెబ్బకి ఊడిందని అందరం అనుకున్న కుడి చక్రం, గోడకంటే ముందే సెలవు పుచ్చుకుంది.

అంతవరకైతే పొరపాటే అనుకుందును. మనుషులన్నాక చేస్తారు. కానీ ఆ "ఎ" చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది. నీకు గుర్తుందో లేదో, ఆ బండి మొదట ఆకుపచ్చది. ఎర్రరంగు వేయించింది దెబ్బ తగిలాకే. అంటే ఆయన విప్పారు, చూశారు, తెలుసుకున్నారు, మిగిలిన ఎర్రరంగుతో గుర్తు పెట్టుకున్నారు. ఎందుకో మళ్ళీ అలాగే బిగించేశారు. సరిచేస్తే ఒప్పుకున్నట్టు అవుతుందనేమో. ఆ తరవాత ఒక్కరోజు కూడా బండి బయటికి తియ్యలేదు. నా మీద కోపం అనుకున్నాను అన్నేళ్ళూ. అది కోపం కాదు, భయం. తప్పుకి ఎర్ర సున్నా చుట్టటం మాత్రం నన్ను చూసే నేర్చుకుని ఉంటారు.

మీ అన్నయ్యకి చెప్పాను. కొనేవాళ్ళకి ఇచ్చే కండిషన్ రిపోర్టు నేనే రాస్తాననీ, ఇది కూడా రాస్తాననీ అన్నాను.

"ఎలాగూ సరిచేశాం కదమ్మా, మళ్ళీ రాయటం ఎందుకు? నాన్న పరువేం కావాలి?"

"నా పరువు ముప్పై ఎనిమిదేళ్ళు ఆ గుడ్డ కిందే ఉందిరా. ఎవరైనా అడిగారా?"

"పోయినవాళ్ళ గురించి ఇప్పుడు..."

"నేను మాట్లాడేది ఉన్నదాని గురించి."

లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళనీ. రిపోర్టులో ఒక్క అక్షరం తగ్గదు.

అమ్మడూ, బండిని గోడమీదికి నడిపింది నేను కాదు. లోకమంతా నమ్మక్కర్లేదు, నువ్వు నమ్మితే చాలు. జవాబు రాయి.

మీ అమ్మ


తల్లీ,

నీ జవాబు రెండే వాక్యాలు. "చక్రం మనకంటే ముందు పరిగెత్తిందని ఆ రోజే చెప్పాను. నువ్వే నోరు మూసుకోమన్నావు."

మూడు రోజులు ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ముందు, నేను అలా అనలేదనుకున్నాను. తరవాత అంతా గుర్తొచ్చింది. ఆసుపత్రిలో ఇనప బెంచీ, నీ గౌను మీద రక్తం. "అమ్మా, చక్రం మనకంటే ముందు పరిగెత్తింది" అన్నావు. కట్టు కడుతున్నతను నవ్వాడు. మీ నాన్న నవ్వలేదు. ఆ నవ్వకపోవటం నాకు ఇప్పుడు కనిపిస్తోంది. నేనేమో, ఇప్పటికి జరిగింది చాలు, నోరు మూసుకోమన్నాను. నువ్వు మూసుకున్నావు. ఆ తరవాత ఎప్పుడూ తెరవలేదు. నీకు నా డ్రైవింగంటే భయమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నువ్వు చెప్పింది వినని మనిషికి నీ పిల్లని అప్పగించటం నీ భయం.

మీ నాన్న చెడ్డమనిషి కాదు. తప్పు నాది అనటానికి నోరు రాని మనిషి. ఈ ఇంట్లో అలాంటివాళ్ళు ఇద్దరున్నారని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియలేదు. ఆయన తన తప్పుకి సున్నా చుట్టి దాచుకున్నారు. నేను సరైన జవాబు చెప్పిన పిల్లకి సున్నా వేశాను. మనది టీచరు ఉద్యోగం, పైగా! క్షమించు అనే మాట తరగతిలో ఎప్పుడూ వాడలేదు, నోరు తిరగటంలేదు. అందుకని రాస్తున్నాను. క్షమించు.

ఇక జరిగింది విను. తాళం ముట్టుకోనన్న మాట వెనక్కి తీసుకున్నాను. డెబ్భై ఒక్కేళ్ళకి లైసెన్సు పరీక్షకి వెళ్ళాను. పరీక్ష పెట్టేవాడు నన్నూ, నా కళ్ళజోడునూ మార్చి మార్చి చూసి, "ఈ వయసులో అవసరమా మామ్మగారూ?" అన్నాడు. "అవసరం తీరాక నీకు చెప్తాలే నాయనా, ముందు సీటు బెల్టు పెట్టుకో" అన్నాను. పాసయ్యాను.

కొన్నది ఒక పళ్ళ డాక్టరమ్మ, ఈమధ్యే రిటైరైంది. నోరు తెరిపించి చూడకుండా ఏదీ కొనని మనిషి. నేను రాసిన రిపోర్టు నిలబడే చదివింది. తుప్పు ఎక్కడ, లప్పం ఎక్కడ, కొత్త రేకు ఎంతమేర, ఇంజనులో ఏది పాతది ఏది మార్చింది, అన్నీ ఉన్నాయి. హబ్బుల సంగతి తొమ్మిదోది. అక్కడ రెండుసార్లు చదివింది. "ఇది రాసినవాళ్ళు మిగతావి దాచి ఉండరు" అంది. ధర మీ అన్నయ్య అనుకున్నదానికి కొంచెం తక్కువే పలికింది. ఆ కొంచెం కోసం వాడు మొహం ముడుచుకునే ఉన్నాడు.

నేను పెట్టిన షరతు ఒక్కటే: బండిని ఆమె ఇంటికి నేనే నడిపి అప్పగిస్తాను.

నిన్న పొద్దున బయల్దేరాను. పక్క సీట్లో మెకానిక్. అతని పనితనం మీద అతనికి నమ్మకమే, నా మీదే కాస్త తక్కువ. తలుపు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. కావాలనే ఆ మలుపు మీదుగా వెళ్ళాను. గోడ లేదు, కొట్టేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. ముప్పై ఎనిమిదేళ్ళు నేను మోసిన గోడ ఎప్పుడు కూల్చారో కూడా నాకు తెలియదు! బండి ఆపి దిగాను. సుత్తి పట్టుకుని ముందు నట్లు రెండూ కొట్టి చూశాను. ఇంటి దగ్గర బిగించినదానికంటే గట్టిగా ఉన్నాయి. బాణాలు రెండూ ముందుకే. రోడ్డు మీదివాళ్ళంతా ఆగి చూశారు. చూడనీ.

అప్పగించేటప్పుడు డాక్టరమ్మ అడిగింది, ఆ ఎర్ర సున్నా తుడిపించమంటారా అని. వద్దన్నాను. తప్పుకి పెట్టిన గుర్తు దాచకుండా ఉంటే చాలు, చెరపక్కర్లేదు.

రిపోర్టు నకలు ఇందులో పెట్టాను. చివరి పేజీ ఒక్కటి చదువు. తొమ్మిదో అంశం కింద కనిపెట్టినవారి పేరు రాయాలి. మెకానిక్ తన పేరు వద్దన్నాడు, మీరేగా చూసింది అన్నాడు. నేను నా పేరు సగం రాసి కొట్టేశాను. మీ అన్నయ్య కిందటివారం దాకా రిపోర్టు మీద సంతకం పెట్టనన్నవాడు, ఆ పేజీ చదివి తనే కలం అడిగాడు. ఈత క్లాసు సంగతి నేను మళ్ళీ అడగను. చెప్పాలనిపిస్తే నువ్వే చెప్పు, ఈసారి వింటాను.

అక్కడ ఉన్నది ఇది:

"9. ముందు చక్రాల హబ్బులు ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించబడ్డాయి. అందువల్ల ఒకసారి కుడి చక్రం ఊడి ప్రమాదం జరిగింది. ఇప్పుడు సరిచేయబడింది. ఈ లోపాన్ని మొదట కనిపెట్టినది: మా అమ్మాయి, ఆరేళ్ళ వయసులో."

అమ్మ