నువ్వు బొట్టు పెట్టిన రైఫిల్

బావా, నా రైఫిల్‌ను నలుగురిలో దండగ తుపాకి అన్నావు. ఇన్నేళ్లయినా ఆ మాట చేసిన గాయం నాకు మానలేదు. నువ్వు పోయినా మానలేదు.

మనవి రెండూ ట్రిగ్గర్ నొక్కినకొద్దీ పేలేవే. నీది తేలిక, కానీ తూటాలు భుజానికి ఆనే వెనక చెక్కలోంచి ఒక్కొక్కటే ఎక్కించాలి. నాది బరువే, అందుకే గురి కదలదు, తూటాలు నింపిన మేగజైన్ కింద తగిలిస్తే చాలు. నువ్వా మాటన్న ఏడు దసరాకు రెండింటికీ ఆయుధపూజ చేసి, కుంకుమ నువ్వే పెట్టావు. మర్నాడు గనుల కాలనీ గురి పోటీలో నాది రెండో తూటాకే ఇరుక్కుంది.

"గిది దండగ తుపాకి బామ్మర్దీ, పొయ్యిల వెట్టు" అని అందరి ముందూ నవ్వావు.

నీ బిడ్డ పద్మ లైసెన్సు తెచ్చుకుని నిన్న నీ రైఫిల్‌తో పోటీకి దిగింది. అదీ రెండో తూటాకే ఇరుక్కుంది. విప్పి చూస్తే లోపల నూనెలో ముద్దకట్టిన కుంకుమ. పోయిన దసరాకు నువ్వు పెట్టిందే. ఇప్పుడు చెప్పు, తప్పు తుపాకిదా, నీదా?

తుడవబోతే పద్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు మామా, గది బాపు వెట్టిన బొట్టు."

తుడవకపోతే అది పేలదు. తుడిస్తే పిల్ల ఏడుస్తుంది. పెట్టిపోయింది నువ్వు, మధ్యలో చచ్చేది నేనా? దసరా పొద్దున రెండు రైఫిళ్లూ పూజలో పెడతాను. ఆలోపు జవాబు చెప్పు, తుడవాలా వద్దా? చెప్పకుంటే ఈసారి నీ వాటా జమ్మి ఆకు ఇంటికి తేను.