మూడు తీగల మైకు

1979 ఫిబ్రవరి 5, సోమవారం

గుంటూరు వెళ్లి వచ్చాం. ముక్క తీసి పంపిన పరీక్ష కాగితం వచ్చింది. మా ఆయన గొంతులో ఉన్నది అదేనట. స్వరపేటిక మొత్తం తీసేయాలి. తీస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు. డాక్టరు గారు ఈ రెండు ముక్కలూ ఒకే గుక్కలో చెప్పి కలానికి మూత పెట్టుకున్నారు. ఆపరేషను ఇరవై ఎనిమిదిన.

బస్సులో ఆయన కిటికీ పక్కన. ఇరవయ్యేళ్లుగా దివిసీమలో ఏ ఊళ్లో నాటకం పెట్టినా పద్యానికి వన్స్‌మోర్ కొట్టించుకున్న మనిషి. గుడివాడలో దిగేటప్పుడు అన్నారు — "సరోజా, గొడుగు మర్చిపోతున్నావు."

ఫిబ్రవరి 6

గుడ్లవల్లేరు బస్సెక్కాను, బడికి వెళ్లాను, సైన్సు పాఠం చెప్పలేకపోయాను. పిల్లల్ని చదువుకోమని కుర్చీలో కూలబడ్డాను.

ఆ గొంతు ఎక్కడా లేదు. ఒక రికార్డు లేదు, టేపు లేదు. ఇన్నేళ్లూ పందిళ్లలో పాడి గాలికి వదిలేశారు. నేనూ వదిలేశాను. రేపూ ఉంటుందిలే అనుకున్నాను.

బందరు మస్తాన్ అన్నయ్యకి ఉత్తరం రాశాను. ఈయన నాటకాలన్నిటికీ మైకు సెట్టు అతనిదే. ఏదో ఒకటి చెయ్యి అన్నయ్యా అని రాశాను. ఏం చేయాలో నాకే తెలియదు.

ఫిబ్రవరి 9

అన్నయ్య వచ్చాడు. తువ్వాల్లో చుట్టి ఒక మైకు తెచ్చాడు — రేడియో వాళ్లు పాతదని వేలం వేస్తే కొన్నదట. పచ్చడి బండంత బరువు. ఇంకోటి, వాళ్ల మేనల్లుడు కువైటు నుంచి తెచ్చిన స్టీరియో డెక్కు. ఎడమకీ కుడికీ వేరువేరుగా రికార్డు చేస్తుంది. దాన్ని పెదపారుపూడి రైసుమిల్లు ఆసామికి ఇస్తానని మేనల్లుడు మాటిచ్చేశాడట. ఇరవై నాలుగు దాకా మన దగ్గర. దాంతోపాటు మంచి క్యాసెట్టు ఒకటి. ఒక్కటే.

పక్కగదిలో వడ్ల బస్తాలు గోడల వారగా నిలబెట్టాం. కిటికీకి పరుపు అడ్డం. "ఇదేనమ్మా మన స్టూడియో" అన్నాడు అన్నయ్య. ఈయన గుమ్మంలో నిలబడి, "నా గొంతు డబ్బాలో పెట్టుకుని ఏం చేస్తావోయ్?" అన్నారు. వింటాను అన్నాను. "ఎదురుగా ఉండి అరిస్తేనే వినవుగా."

తంటా అంతా తీగల్లో ఉంది. మైకు తోకకి మూడు తీగలు. డెక్కుకి ఎడమకొక కన్నం, కుడికొక కన్నం. ఒక్కో కన్నంలో దూరే పుల్లకి రెండేసి దారులే — మధ్యలో మొన, చుట్టూ తొడుగు. మూడు తీగలు రెండు దారుల్లో ఎట్లా పడతాయి? అన్నయ్య ఒక తీగని మొనకి అతికి, మిగతా రెంటినీ కలిపి తొడుక్కి అతికాడు. "ఇట్లాగే చేస్తారు చెల్లెమ్మా."

డెక్కుతో వచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఆయన గొంతు ఉంది. దాని మీద గుయ్యిమని మోత.

ఫిబ్రవరి 10

మోత.

మీ సెట్లో ఎందుకు రాదు అని అన్నయ్యని అడిగాను. "మా యాంప్లిఫైరులో మూడిటికీ చోటుంటుందమ్మా. మాట మోసేవి రెండు తీగలు, మూడోది పైన కప్పు. అందుకే ఎంత దూరం లాగినా మోత రాదు. ఇక్కడ చోటు లేక కప్పునీ ఒక తీగనీ ఒకటి చేశాం." మరి ఆ యాంప్లిఫైరే మధ్యలో పెడదామంటే, అది హారన్లని మోగించేది, ఈ డెక్కుకి తగిలిస్తే కాలిపోతుందట.

మాట మోసేవి రెండు తీగలు — విన్నాను, తలూపాను. ఎట్లా మోస్తాయని అడగలేదు.

ఫిబ్రవరి 11

బావి పక్కన గొయ్యి తవ్వించి రాగిరేకు పాతాం. బొగ్గు, ఉప్పు, నాలుగు బిందెల నీళ్లు. దాన్నుంచి డెక్కుకి తీగ. మోత కొంచెం తగ్గింది. సంబరపడ్డాను. వీధిలో పిండిమర ఆడటం మొదలుపెట్టేసరికి మళ్లీ అంతే.

అన్నయ్య బందరు వెళ్లిపోయాడు. పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు, పాపం.

ఫిబ్రవరి 13

డెక్కు మీద అరచెయ్యి ఆనిస్తే మోత తగ్గుతుందని ఇవాళ కనిపెట్టాను. గంటసేపు చెయ్యి తీయకుండా కూర్చున్నాను. చిన్నగా తిమ్మిరి, చీమలు పాకినట్టు. ఆయన మూడు పద్యాలు పాడారు. మధ్యలో ఆగి, చెవి ఒగ్గి మోతని విని, దానికే శ్రుతి కలిపి రాగం అందుకున్నారు. "తంబురా పెట్టె అక్కర్లేదే నీ దగ్గర!" నవ్వొచ్చింది. ఆయన రాగం తీస్తుంటే ఏడుపూ వచ్చింది.

విని చూస్తే పద్యం కంటే మోతే ముందు. ఉన్న క్యాసెట్టు ఒకటే. రేపు బాగా వస్తుందనుకుని దాని మీదే మళ్లీ రికార్డు చేయడానికి వెనక్కి తిప్పేశాను.

ఫిబ్రవరి 15

కఫంలో నెత్తురు.

ఫిబ్రవరి 16

ఇక్కడి డాక్టరు గారు పాడటం అసలు వద్దన్నారు. మాట కూడా అవసరానికే. "అవసరమంటే ఏమిటండీ?" అని ఆయన అడిగారు.

పద్యాలు పోయినట్టే. మాటలైనా కావాలి నాకు. నిజానికి నాకెప్పుడూ మాటలే కావాలి. పద్యాలు ఊళ్లవాళ్లవి.

ఫిబ్రవరి 18, ఆదివారం

వచ్చింది! వచ్చింది!

నాకే తట్టింది. మాట మోసే తీగలు రెండు. డెక్కుకి కన్నాలూ రెండు. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, కప్పు తీగ రెంటి తొడుగులకీ. ఇంత తేలిక సంగతికి తొమ్మిది రోజులు కొట్టుకున్నాను! అన్నయ్య వదిలేసిన సోల్డరింగు కర్రతో వేలు కాల్చుకుని మరీ అతికాను.

మోత దాదాపు లేదు. హెడ్‌ఫోన్లలో ఆయన గొంతు రెండు చెవుల్లోనూ. ముందు నుంచి కాదు, ఎక్కడి నుంచో, తల వెనక నుంచి వస్తున్నట్టుంది. స్టీరియో అంటే ఇదే కాబోలు. ఆయనకి వినిపిస్తే, "వీడెవడోయ్, నాకంటే బాగున్నాడు" అన్నారు.

ఫిబ్రవరి 20

రోజుకి పావుగంట. పాత మోత పద్యాల మీదే రికార్డు చేస్తున్నాను. నన్ను పిలవమన్నాను. వంటింట్లో ఉంటే పిలిచినట్టు, గేటు దగ్గర నుంచి పిలిచినట్టు, కోపంగా. "కోపం ఊరికే రాదే, ఏదన్నా అను" అన్నారు. మీ పద్యాలు నాకెప్పుడూ అర్థం కాలేదన్నాను. నిజంగానే కోపం వచ్చింది. బాగా వచ్చింది టేపులో.

ఫిబ్రవరి 22

నాగాయలంకలో పందిరి కూలిన కథ చెప్పారు. వందసార్లు విన్న కథ. చెప్తూ చెప్తూ ఆయనే నవ్వారు, నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆపేశాను. టేపు అయిపోవచ్చింది. చాలు.

ఫిబ్రవరి 24

మేనల్లుడు వచ్చి డెక్కు తీసుకెళ్లాడు. క్యాసెట్టు పట్టుచీరల మధ్య దాచాను.

ఫిబ్రవరి 28, గుంటూరు

ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్లారు. తలుపు దగ్గర నా వైపు తిరిగి ఏదో అన్నారు. చక్రాల బండి చప్పుడులో నాకు వినపడలేదు.

మార్చి 4

పలక కొన్నాను. మొదటి మాట — "దాహం." నీళ్లు ఇవ్వకూడదు.

మార్చి 17

ఇంటికి వచ్చాం. మెడలో కన్నం, దానికి తెల్లటి గుడ్డ. శ్వాస అక్కడి నుంచే. ఇల్లంతా బాగానే ఉంది, ఎవరూ లేనట్టుంది.

మార్చి 18, ఆదివారం

చూడటానికి తమ్ముడు వచ్చి తన టేపురికార్డరు ఇచ్చి వెళ్లాడు. ఒక్క స్పీకరుది. ఆయన మంచం మీద, నేను కింద. క్యాసెట్టు పెట్టి నొక్కాను.

మోత. సన్నగా, గుయ్యిమని. ఇంకేం లేదు.

తిప్పాను, ముందుకి, వెనక్కి. ఎక్కడా మాట లేదు. చెవి ఆనిస్తే మధ్యమధ్య స్... ష్... అని గాలి. నా పేరు లేదు, పిలుపులు లేవు, కోపం లేదు. మనిషిని తీసేసి మోతని ఉంచింది. నేను ఏ మోత మీద పోరాడానో అది భద్రంగా ఉంది.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఏదో చెప్పబోయారు, పలక అందలేదు. పెదవులు ఆడాయి. స్... ష్... అంత మాత్రమే వినపడింది. టేపులో మిగిలిందే ఆయనకీ మిగిలింది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఛీ, వెళ్లకుండా ఉండాల్సింది.

మార్చి 19

మోతతోనైనా సరే, ఆ మూడు పద్యాలు ఉంచుకోవాల్సింది. నా చేత్తో చెరిపాను. బస్సులో ఇదే. బళ్లో ఇదే.

మార్చి 21

మస్తాన్ అన్నయ్య వచ్చాడు. టేపు విన్నాడు. తీగ ఎట్లా అతికావు చూపించమన్నాడు. చూపించాను.

"చెల్లెమ్మా, ఈ రెండు తీగల్లోనూ ఒకటే మాట. కాకపోతే ఒకదాంట్లో నిటారుగా, రెండోదాంట్లో తలకిందులుగా పోతుంది. నువ్వు ఎడమకి నిటారుది ఇచ్చావు, కుడికి తలకిందులుది. హెడ్‌ఫోన్లలో ఏ చెవికి ఆ చెవి కాబట్టి వినపడింది. ఒక్క స్పీకరు ఆ రెంటినీ కలిపేస్తుంది. కలిస్తే దీన్ని అది కొట్టేస్తుంది. మోత మాత్రం రెంటిలోనూ ఒకేలా పడుతుందిగా, అది మిగిలింది."

అలకి ఎదురు అల వస్తే ఏమవుతుంది? — పదో తరగతికి ఏటా నేనే పాఠం చెప్తాను. నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, కలిపి, సున్నా చుట్టి చూపిస్తాను.

"అదంతా చచ్చిపోలేదమ్మా" అన్నాడు అన్నయ్య. "ఉంది లోపల. స్టీరియో డెక్కులో పెట్టి ఒక పక్కదే తీసుకుంటే వస్తుంది." ఆ డెక్కు పెదపారుపూడిలో. గుడివాడలో ఇంకెవరికి ఉందో తెలియదు.

ఆయన అంతా వింటూనే ఉన్నారు.

మార్చి 25, ఆదివారం

అన్నయ్యా నేనూ పెదపారుపూడి వెళ్లాం. తమ్ముడి టేపురికార్డరు, కొత్త క్యాసెట్టు, ఒక తీగ. మిల్లు ఆసామి గారు హాల్లో డెక్కు మీది లేసు గుడ్డ తీసి, "చూసుకోండమ్మా" అన్నారు. మంచివాళ్లు. కాఫీ ఇచ్చారు. అన్నయ్య ఎడమ తీగ ఒక్కటే తగిలించాడు. కుడిది వదిలేశాడు.

ఆయన మాట్లాడారు.

పరాయి ఇంట్లో, అంతమంది ముందు, చేతిలో కాఫీ గ్లాసు. నన్ను పిలుస్తున్నారు, వంటింట్లోంచి రమ్మని. గ్లాసు కింద పెట్టాలని కూడా తోచలేదు.

ఆసామి గారి భార్య లోపలి నుంచి వచ్చింది. "ఎవరండీ, అంత కమ్మగా పిలుస్తున్నారు?"

"మా ఆయనండీ."

"ఈసారి ఆయన్నీ తీసుకురండి మా ఇంటికి."

"అలాగేనండీ" అన్నాను. ఏమనాలి మరి.

టేపు మొత్తం కొత్తదాంట్లోకి ఎక్కేదాకా కూర్చున్నాం. ఇది ఒక్క స్పీకరులోనూ వినపడుతుంది. అన్నయ్య రెండుసార్లు చూశాడు.

ఇంటికి వస్తే ఆయన పలక చూపించారు. "దొరికిందా?"

ఇంకా ఏదో చేయాలట, చూడాలి అన్నాను. పచ్చి అబద్ధం. వింటే ఆయనకి ఏమవుతుందో నాకు తెలియదు. వినకపోతే నాకు ఏమవుతుందో అదీ తెలియదు. రెండు నెలలు దీనికోసం పడి చచ్చాను, ఈ సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మార్చి 27

కట్టు మార్పించుకోవడానికి ఆయన ఆసుపత్రికి వెళ్లారు. రిక్షా మలుపు తిరిగేదాకా చూశాను. బడికి సెలవు పెట్టింది ఇందుకేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. మొగుడు బయటికి పోతే తలుపు దగ్గరికి వేసుకుని మొగుడి గొంతు వినే పెళ్లాం ఎక్కడైనా ఉంటుందా?

వడ్ల బస్తాల గదిలో కూర్చుని పెట్టుకున్నాను. నాగాయలంక పందిరి కథ. ఆయన నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను, గట్టిగానే.

ఎందుకో తిరిగి చూస్తే గుమ్మంలో ఆయన. ఎప్పుడు వచ్చారో. ఎంతసేపట్నుంచి నిలబడ్డారో. వచ్చానని చెప్పడానికి ఆయనకేముంది?

ఆపబోయాను. తల ఊపారు. ఆపమనో, వద్దనో అర్థం కాలేదు. పలక చేతికిచ్చాను. తీసుకున్నారు, బలపం తీసుకోలేదు. టేపులో ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు.